పోస్టు బాక్సులో పోస్టు రాయకండి: వారం వారం ఫేస్‌బుక్‌లో రాసేవాళ్ళకి

ఫేస్‌బుక్ తెరవగానే పైన ఒక ఖాళీ పెట్టె కనిపిస్తుందే, అందులో నేరుగా రాయడం మొదలుపెట్టకండి. క్రమం తప్పకుండా రాయాలని ఉందని ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. అక్కడ రాస్తుంటే మధ్యలో నోటిఫికేషన్ వస్తుంది, ఎవరో ఫోన్ చేస్తారు, యాప్ తనంతట తాను రిఫ్రెష్ అవుతుంది, రాసింది కాస్తా ఎగిరిపోతుంది. డ్రాఫ్ట్ సేవ్ చేసే వీలున్నా దాన్ని నమ్ముకుని ఉండలేం. ఇంకో చిక్కేమిటంటే, "పోస్ట్" బటన్ ఎదురుగా ఉన్నంతసేపూ చెయ్యి ఊరుకోదు. ఇంకోసారి చదువుకోవాల్సింది, చదవకుండానే నొక్కేస్తాం.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ప్రతి ఆదివారం ఒక చిన్న సైన్స్ సంగతి ఫేస్‌బుక్‌లో పెడుతుంటాను. ఏళ్ళ తరబడి నడుస్తోంది. "ఇంత ఓపిక ఎక్కడిది మేడమ్" అంటుంటారు. నాకు ఓపిక తక్కువే, ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. పనిని ముక్కలు చేసుకున్నాను కాబట్టి సాగుతోంది, అంతే. పోగేయడం ఒక పని, రాయడం ఒక పని, పెట్టడం ఒక పని. ఈ మూడింటినీ ఒకే కూర్చోవడంలో చేయాలని చూసేవాళ్ళు మూడో నెలకి మానేయడం చాలామందిలో చూశాను.

పోగేయడం

ఫోన్‌లో నోట్స్ యాప్ ఏదైనా సరే, అందులో ఒకే ఒక్క నోటు. పేరు కూడా అక్కర్లేదు. ఏదైనా తట్టినప్పుడల్లా అందులో ఒక వాక్యం వేసుకోండి. టాపిక్ పేరు కాకుండా, ప్రశ్నో, చూసిన విషయమో పూర్తి వాక్యంగా రాసుకోండి. "కటకాలు" అని రాసుకుంటే నెల తర్వాత అది సిలబస్‌లా కనిపిస్తుంది, ఆ రోజు మనల్ని ఆపింది ఏమిటో గుర్తురాదు. "వాన చినుకు పడ్డ ఫోన్ తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తున్నాయి, ఎందుకు?" అని రాసుకుంటే సగం పోస్టు అక్కడే అయిపోయినట్టు.

నా నోటులో ఎక్కువ భాగం పిల్లల ప్రశ్నలే. "నక్షత్రాలన్నీ మిణుకు మిణుకుమంటాయి కదా టీచర్, మరి ఆ పెద్దది ఎందుకు అనట్లేదు?" అని ఒక పిల్ల అడిగింది. ఆ పెద్దది శుక్రగ్రహం. నక్షత్రం ఎంతో దూరాన ఉండటం వల్ల మన కంటికి ఒక బిందువే. ఆ సన్నని వెలుతురు గాలి పొరల్లో అటూ ఇటూ వంగుతుంటే మినుకులు తెలుస్తాయి. గ్రహం దగ్గరగా ఉంది కాబట్టి చిన్న బిళ్ళలా ఉంటుంది. ఆ బిళ్ళలో ఒక చోట వెలుతురు తగ్గితే ఇంకోచోట పెరిగి మొత్తం మీద నిలకడగా కనిపిస్తుంది. పాఠంలో ఇదంతా ఉంది, కానీ "ఆ పెద్దది" అన్న మాట పాఠంలో లేదు. పోస్టు ఆ మాటతోనే మొదలైంది.

మీరు టీచరే కానక్కర్లేదు. మీరు నర్సయినా, బట్టలు కుట్టినా, బ్యాంకు కౌంటర్లో కూర్చున్నా జనం మిమ్మల్ని పదేపదే అడిగేది ఒకటి ఉంటుంది. అడిగిన వాళ్ళ మాటల్లోనే దాన్ని నోటులో వేసుకోండి. ఏం రాయాలో తోచట్లేదనే బాధ చాలావరకు పోతుంది.

వారానికి ఎన్ని

ఒకటి చాలు. రోజూ రాస్తానని గోడ మీద ప్రకటించకండి. పదో రోజు జ్వరం వస్తుంది, పదకొండో రోజు సిగ్గేస్తుంది, పన్నెండో రోజు నుంచి ఫేస్‌బుక్ వైపే వెళ్ళాలనిపించదు.

ఒక రోజు పెట్టుకోవడం మాత్రం మంచిది. ఆ రోజునే పెడితే ఫేస్‌బుక్ ఎక్కువమందికి చూపిస్తుందనే నమ్మకంతో చెప్పట్లేదు. శుక్రవారం వచ్చేసరికి బుర్ర దానంతట అదే ఆ వైపు తిరుగుతుంది, అందుకు. చదివేవాళ్ళకీ అలవాటవుతుంది. ఒక ఆదివారం ఆలస్యమైతే "ఇంకా రాలేదేంటి" అని అడిగేవాళ్ళు నలుగురుంటే ఇక మీరు మానలేరు.

చేతిలో ఎప్పుడూ రెండు మూడు పోస్టులు నిలవ ఉంచుకోండి. ఏ వారం పెట్టినా చెల్లేవి అయి ఉండాలి. గ్రహణం గురించి రాసింది నిలవకి పనికిరాదు, గ్రహణం రోజు దాటితే ఎవరూ చూడరు. మిణుకుల పోస్టు ఎప్పుడైనా చెల్లుతుంది. మాకు పరీక్షల కాలంలో పేపర్లు దిద్దడంతోనే సరిపోతుంది, అప్పుడు ఈ నిలవే ఆదుకుంటుంది. అదీ అయిపోతే ఒక ఫోటో, నాలుగు లైన్లు. చిన్న పోస్టు పెట్టినందుకు ఎవరూ కోప్పడరు.

మొదటి మూడు లైన్లు

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే నా టైములో ఎక్కువ భాగం దీనికే పోతుంది.

పొడుగాటి పోస్టుని ఫేస్‌బుక్ మొత్తం చూపించదు. మొదటి కొన్ని లైన్లు చూపించి, మిగతాది "సీ మోర్" వెనక దాచేస్తుంది. అంటే చదివే మనిషి వేలు పైకి జరుపుకుంటూ పోతుంటే, ఆగాలో వద్దో ఆ కాసిని లైన్లే చెప్పాలి. పైన చెప్పిన ఫోన్ తెర రంగుల ప్రశ్న మీద రాసిన నీటి చుక్క పోస్టు డ్రాఫ్టు ఇలా మొదలైంది:

"మిత్రులందరికీ నమస్కారం. ఈ ఆదివారం మనం కాంతి వక్రీభవనం గురించి, కటకాలు పనిచేసే తీరు గురించి తెలుసుకుందాం. కాంతి ఒక యానకం నుంచి మరొక యానకంలోకి ప్రవేశించినప్పుడు…"

పెట్టింది ఇది:

"ఫోన్లో తెల్లటి పేజీ ఏదైనా తెరవండి. వేలికొసతో దాని మీద ఒక నీటి చుక్క పెట్టండి, ఆవగింజంత చాలు. ఇప్పుడు కళ్ళు దగ్గరగా పెట్టి చూడండి. తెలుపు ఏమైపోయింది?"

ఏమేం మారాయో చూడండి. నమస్కారం పోయింది. ఎదురుపడితే పెట్టాల్సిందే కానీ ఇక్కడ అది ఉన్న కొద్ది చోటులో ఒక లైను తినేస్తుంది. "తెలుసుకుందాం" పోయింది. ఆ మాట వినగానే క్లాసులో వెనక బెంచీ ఎలా జారగిలబడుతుందో రోజూ చూస్తాను, ఫోన్ పట్టుకున్నవాళ్ళు అంతకంటే త్వరగా జారుకుంటారు. దాని బదులు చదివేవాళ్ళ చేతికి ఒక పని ఇచ్చాను. వక్రీభవనం అనే మాట తీసేయలేదు, మూడో పేరాలోకి దిగింది. నిజంగా చుక్క వేసి చూసినవాళ్ళు అప్పటికే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గడులు చూసేశారు. చుక్క పైభాగం గుండ్రంగా ఉంది కాబట్టి అది భూతద్దంలా పనిచేసింది, తెర మీద విడిగా తెలుపంటూ లేదు, ఈ మూడు రంగులూ కలిసి మన కంటికి తెల్లగా తోస్తాయి అని ఆ తర్వాత చెబితే చప్పున ఎక్కుతుంది. పేరు ముందు, వస్తువు వెనక వస్తే పాఠం. వస్తువు ముందు వచ్చాక పేరు చెబితే జనం పేరుని కూడా ఉంచుకుంటారు.

మీ విషయం సైన్స్ కాకపోయినా పద్ధతి ఇదే. డ్రాఫ్టు పూర్తయ్యాక మొదటి పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి, రెండో పేరా నుంచి చదవండి. చాలాసార్లు అసలు పోస్టు అక్కడే మొదలవుతుంది.

ముగింపులో ఏం అడగాలన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. "మీ అభిప్రాయం కామెంట్లలో తెలపండి" అంటే ఎవరూ తెలపరు, తెలపడానికి అందులో ఏమీ లేదు కాబట్టి. నీటి చుక్క పోస్టు చివర, ఇంట్లో ఉన్న రెండు వేరే వేరే ఫోన్ల మీద చుక్క వేసి రంగుల అమరిక ఒకేలా ఉందో లేదో చెప్పమన్నాను. ఫోటోలతో సహా వచ్చాయి కామెంట్లు. కొన్ని తెరల మీద మూడు రంగులూ నిలువు గీతల్లా వరసగా ఉన్నాయి. కొన్ని ఓలెడ్ తెరల (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) మీద ఆకుపచ్చవి ఎక్కువగా, ఎరుపు, నీలం తక్కువగా ఉన్నాయి. ఎందుకలా అని వాళ్ళే అడిగారు. తర్వాతి ఆదివారం పోస్టు నాకు అలా చేతికొచ్చింది.

డ్రాఫ్టుని ఒక రాత్రి ఆపి, మర్నాడు ఫోన్లోనే చదవండి. కంప్యూటర్లో నాలుగు లైన్లున్న పేరా ఫోన్లో పది లైన్ల గోడ అవుతుంది. దాన్ని విరగ్గొట్టి మధ్యలో ఒక ఖాళీ లైను వదలండి. బయటికి చదివితే ఇంకా మంచిది. ఊపిరి అందని చోట ఫుల్‌స్టాప్ పెట్టండి.

పొడవు, ఫోటోలు

ఫేస్‌బుక్ పోస్టులో 63,206 క్యారెక్టర్ల దాకా పడతాయి, చిన్న నవలికకి సరిపోతుంది. అంత చోటుందని వాడుకోనక్కర్లేదు. నావి ఫోన్లో మూడు నాలుగు తెరలు దాటవు. అదే పోస్టుని వేరేచోట కూడా పెట్టాలనుకుంటే లెక్క మారుతుంది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కి హద్దు 2,200. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) డబ్బు కట్టనివాళ్ళకి 280, అది 2017 నవంబరు దాకా 140 ఉండేది. ఇవి మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతం గుర్తు విడిగా ఒకటి, పొల్లు విడిగా ఒకటి. "స్త్రీ" అని రాస్తే మనకి ఒక్క అక్షరం, ఎక్స్‌కి ఆరు. కాబట్టి తెలుగులో 280 అనుకున్నదానికంటే చాలా ముందే నిండిపోతుంది. మొత్తం పోస్టుని అక్కడ కుక్కే బదులు మొదటి మూడు లైన్లూ, ఫోటో పెడతాను.

రాసిందంతా రంగుల బొమ్మగా మార్చి పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. బొమ్మలో ఉన్న మాటలు తర్వాత వెతికినా దొరకడం కష్టం. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వింటారు, బొమ్మ దగ్గరకి వచ్చేసరికి వాళ్ళకి మీ పోస్టు చాలావరకు మూగబోతుంది. నాకు ఈ సంగతి చెప్పింది అలా వినే పాఠకుడే. అప్పట్నుంచి ఫోటో పెడితే అందులో ఏముందో ఆల్ట్ టెక్స్ట్‌లో, అంటే స్క్రీన్ రీడర్ చదివి వినిపించే ఫోటో వివరణలో, ఒక వాక్యం రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో ఏదైనా వాడుకోవచ్చు అనుకోకండి. నాసా సొంతంగా తీసిన ఫోటోలకి సాధారణంగా కాపీరైట్ ఉండదు, వాళ్ళ పేరు వేస్తే సరిపోతుంది. వికీమీడియా కామన్స్‌లో ప్రతి ఫోటో కింద షరతులు రాసి ఉంటాయి, చాలావాటికి తీసినవాళ్ళ పేరు చెప్పడం తప్పనిసరి. అన్నిటికన్నా హాయి మీ ఫోన్‌తో మీరు తీసుకున్నది. కాస్త మసకగా ఉన్నా పర్లేదు.

పెట్టాక

ఒక గంట ఖాళీ ఉన్నప్పుడే పెట్టండి. పెట్టేసి బస్సెక్కితే మొదటి కామెంట్లకి దిక్కుండదు, మొదటి కామెంట్లు ఎలా ఉంటే మిగతావీ ఆ దారినే పోతాయి. "బాగుంది మేడమ్" అన్నవాళ్ళకి ఒక లైక్ చాలు. ప్రశ్న అడిగితే మాత్రం పూర్తిగా జవాబు రాయండి. ఆ జవాబు నాలుగు లైన్లు దాటిందంటే దాన్ని నోటులోకి కాపీ చేసుకోండి, అది ఇంకో పోస్టు.

వాదనకి దిగినవాళ్ళకి రెండు జవాబులు ఇస్తాను, మూడోది ఇవ్వను. రెండింటిలో ఒప్పుకోని మనిషి పదింటిలోనూ ఒప్పుకోడు. చదువుతున్న మిగతావాళ్ళకి ఆ రెండూ సరిపోతాయి. ఎవరైనా ఇంకొకరిని తిడితే ఆలోచించకుండా తీసేయండి. ఊరికే చిరాకు పెట్టేవాళ్ళ కామెంటు డిలీట్ చేసేకన్నా హైడ్ చేయడం మేలు. హైడ్ చేస్తే అది రాసిన మనిషికీ, ఆ మనిషి ఫ్రెండ్స్‌కీ కనిపిస్తూనే ఉంటుంది, మిగతావాళ్ళకి కనిపించదు. డిలీట్ చేస్తే తెలిసిపోతుంది, రెట్టింపు కోపంతో తిరిగొస్తారు.

అచ్చుతప్పు దొరికితే ఎడిట్ చేసి ఊరుకోండి. విషయంలోనే తేడా ఉందని ఎవరైనా చూపిస్తే గుట్టుగా మార్చకండి. ఎడిట్ హిస్టరీ పోస్టు చూడగలిగిన వాళ్ళెవరికైనా కనిపిస్తుంది. పోస్టు పైనే "సవరణ" అని రాసి, ఏది మారిందో చెప్పి, చూపించినవాళ్ళకి థాంక్స్ చెప్పండి. లేదంటే కింద వాళ్ళు రాసిన కామెంటు తలాతోకా లేకుండా మిగిలిపోతుంది.

ఒక చిన్న గమనిక. పోస్టు ఎవరికి కనిపించాలో అడిగే గుర్తు ఉంటుంది కదా, పబ్లిక్ అనో ఫ్రెండ్స్ అనో. మీరు కిందటిసారి ఏది ఎంచుకున్నారో ఫేస్‌బుక్ దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. ఆదివారం సైన్స్ పోస్టు పబ్లిక్‌గా పెట్టి, సోమవారం ఇంట్లోవాళ్ళ ఫోటో పెడితే అదీ పబ్లిక్‌గానే పోతుంది. ప్రతిసారీ ఆ గుర్తు వైపు ఒకసారి చూడండి. నా క్లాసు పిల్లల పేర్లు, ఫోటోలు అసలు పెట్టను, వాళ్ళ ప్రశ్న మాత్రమే పెడతాను.

లైకుల టెన్షన్

ఉంటుంది. లేదని చెప్పేవాళ్ళని నేను నమ్మను. కాకపోతే ఆ అంకె దేన్ని కొలుస్తోందో తెలిస్తే కొంచెం తగ్గుతుంది. ఫీడ్‌లో పోస్టులు పెట్టిన వరసలో రావు, మీ స్నేహితులందరికీ మీ పోస్టు చేరదు. ఎవరికి ఏది చూపించాలో ఫేస్‌బుక్ లెక్కలు వేస్తుంది, ఆ లెక్కలు మారుతుంటాయి. 2018 జనవరిలో ఒకసారి పెద్దగా మార్చారు, పేజీల పోస్టులు తగ్గించి స్నేహితులు, ఇంటివాళ్ళ మధ్య మాటలు నడిచే పోస్టులు ఎక్కువ చూపిస్తామని చెప్పి మరీ మార్చారు. అంతకు ముందు నెలలోనే "నచ్చితే లైక్ కొట్టండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి" రకం పోస్టులని కిందకి నెట్టేస్తామని ప్రకటించారు. అలా అడుక్కోవడం వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ.

నేను లైకుల కన్నా షేర్లు చూస్తాను. ముఖ్యంగా షేర్ చేస్తూ పైన ఏం రాశారో చూస్తాను. "మా అబ్బాయి చేత చేయించాను" అని ఒకరు రాస్తే ఆ పోస్టు పని అయినట్టే.

పేరు తీసేసి వాట్సాప్‌లో తిప్పడం గురించి అందరూ అడుగుతారు. ఆపలేం. రాసిన క్షణం నుంచే కాపీరైట్ రాసినవాళ్ళది, ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో ఇదే పద్ధతి. ఫేస్‌బుక్‌లో మక్కీకి మక్కీ ఎత్తి పెట్టుకున్నవాళ్ళ మీద కాపీరైట్ ఫారం నింపి ఫిర్యాదు చేయొచ్చు. నేను ముందు మెసేజ్ పెడతాను, మర్యాదగానే. చాలామంది పేరు చేరుస్తారు. పేరు కింద ఒంటరిగా ఉంటే తీసేయడం తేలిక కాబట్టి ఈమధ్య "మా ఫిజిక్స్ ల్యాబ్‌లో…" లాంటి ముక్క మధ్యలో ఎక్కడో అల్లేస్తున్నాను.

దాచుకోవడం

ఒకప్పుడు ఫేస్‌బుక్ లాగే నడిచిన ఆర్కుట్‌ని 2014 సెప్టెంబరు 30న మూసేశారు. అలాంటిదే గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఫేస్‌బుక్ అలాగే ఉన్నా, అందులో పొడుగు వ్యాసాల కోసం ఉన్న నోట్స్ అనే సదుపాయాన్ని 2020 అక్టోబరు చివర ఆపేశారు. కాబట్టి రాసినవాటి అసలు కాపీ మీ దగ్గరే ఉండాలి. పోస్టు బాక్సులో రాయొద్దన్నది సగం ఇందుకే. ఫోన్‌లోని నోట్స్ యాప్‌లో రాస్తే కాపీ ముందే ఉంటుంది. ఏడాదికో ఫైలు పెట్టి, ప్రతి పోస్టు పైన తేదీ, ఒక చిన్న పేరు వేసుకుంటే చాలు.

ఇప్పటిదాకా నేరుగా ఫేస్‌బుక్‌లోనే రాసినవాళ్ళు పాతవి బయటికి తీసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో మన సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ ఉంది. అన్నీ అడిగితే గంపెడు ఫైళ్ళు వస్తాయి, పోస్టులు మాత్రమే ఎంచుకోండి. ఫైలు రకం అడుగుతుంది, అక్కడ హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. జేసన్ అని ఇంకోటి ఉంటుంది. ఆ ఫైల్లో తెలుగు అక్షరాలు తెలుగులా ఉండవు, ఒక్కో అక్షరం బదులు పిచ్చి గుర్తుల వరస వస్తుంది. తెలిసినవాళ్ళు చిన్న ప్రోగ్రాంతో దాన్ని సరిచేయగలరు, మనకెందుకు ఆ తలనొప్పి. హెచ్‌టీఎంఎల్ అయితే బ్రౌజర్లో తెరిస్తే చదువుకునేలా వస్తుంది, కావలసినవి ఏడాది ఫైల్లోకి కాపీ చేసుకోవచ్చు.

అలా దాచుకున్నవి మళ్ళీ పెట్టొచ్చా అంటే, శుభ్రంగా పెట్టొచ్చు. మూడేళ్ళ కిందట చదివినవాళ్ళలో చాలామందికి గుర్తుండదు, కొత్తగా వచ్చినవాళ్ళు అసలు చూసి ఉండరు. పాత పోస్టుల్ని ఫేస్‌బుక్ గుర్తుచేసే మెమరీస్‌లో వచ్చినదాన్ని ఉన్నది ఉన్నట్టు షేర్ చేయకుండా కొత్త పోస్టుగా పెట్టండి. పైన "పాతదే, కొంచెం మార్చాను" అని ఒక ముక్క వేసి, అప్పటి కామెంట్లలో వచ్చిన మంచి ప్రశ్న ఒకటి తీసుకుని దాని జవాబు చివర కలపండి. ఓలెడ్ తెరల సంగతి నీటి చుక్క పోస్టులోకి నేను అలాగే చేర్చాను.